గాలిలో తిరిగే ఇంజనుకూ ఆయిలే ప్రాణం
చిన్న విమానాలకు 50 గంటలకోసారి మార్పు తప్పదు

పొదిలి: దుక్కి వేళ ట్రాక్టరు ఇంజను బిగిసిపోతే రైతుకు ఒక పదును పోతుంది. ఒకే ఇంజనుతో ఎగిరే చిన్న విమానంలో అదే జరిగితే ఆపుకోవడానికి గట్టు ఉండదు. అందుకే ఆ ఇంజనుకు ఏ ఆయిలు పోయాలి, ఎప్పుడు మార్చాలి అన్నది నిబంధనల ప్రకారమే జరుగుతుంది.

చిన్న విమానం ఈ ప్రాంతంవారికి బొత్తిగా కొత్త మాట కాదు. పొదిలికి వాయవ్యాన ఉన్న దొనకొండలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వారు విమానాశ్రయం నిర్మించారు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ శిక్షణ కోసం 90 గుర్రాల శక్తి గల 'పుష్పక్'ను, పంటలపై మందు చల్లడానికి 400 గుర్రాల శక్తి గల 'బసంత్'ను తయారుచేసింది. బసంత్ మొదట ఎగిరింది 1972లో. రెండింటికీ గాలితో చల్లబడే పెట్రోలు తరహా ఇంజన్లే. రేడియేటరు ఉండదు కనుక వేడిని మోసుకుపోయే పనిలో కొంత భాగం ఆయిలుదే.

ట్రాక్టరు ఆయిలు పనికిరాదు

డీజిల్ ఇంజను ఆయిలులో లోహపు ఉప్పులు కలిసి ఉంటాయి. డీజిల్‌లోని గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని అవి విరుస్తాయి. ట్రాక్టరుకు అది మేలు. విమానం ఇంజను మాత్రం కొంత ఆయిలును సహజంగానే తాగుతుంది. ఆ ఉప్పులు కాలి బూడిదై సిలిండరు తలలో పేరుకుంటాయి. బూడిద నిప్పులా కాగి, ప్లగ్గు మండించకముందే పెట్రోలు అంటుకుంటుంది. పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల విమానాలకు బూడిద మిగల్చని ప్రత్యేకమైన ఆయిలు వాడతారు.

డబ్బాపై అంకెలూ వేరే. విమానం ఆయిలుపై 100 అని ఉంటే అది మనం ఎరిగిన 50 నంబరు చిక్కదనం. 80 అంటే 40 నంబరు. మన ఎండలకు 100 రకం సరిపోతుంది. ట్రాక్టరు డబ్బాపై 'డబ్ల్యు' అక్షరం చలికాలాన్ని సూచిస్తే, విమానం డబ్బాపై 100కు ముందున్న 'డబ్ల్యు' మురికిని గడ్డకట్టనీయకుండా తేల్చి ఉంచే మందు కలిసిందని చెబుతుంది. కొత్త ఇంజనుకు సాధారణంగా మొదటి 50 గంటలు ఆ మందు లేని ఉత్త ఖనిజపు ఆయిలే పోస్తారు. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు రాసుకుని కుదురుకోవడానికి ఇది అవసరం.

మార్చే పద్ధతి

ఫిల్టరు ఉన్న ఇంజనుకు 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలకు ఆయిలు మారుస్తారు. ఇంజనును వేడెక్కించి, మురికి ఆయిలులో కలిసి ఉండగానే దించుతారు. పాత ఫిల్టరును పారేయరు. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూస్తారు. లోహపు పొట్టు మెరిస్తే అయస్కాంతం పెడతారు; అంటుకుంటే ఉక్కు, అంటకపోతే అల్యూమినియం వంటి వేరే లోహం. ఏ భాగం అరుగుతున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త ఫిల్టరు అదురుకు ఊడకుండా తీగతో కట్టి, ఇంజను తిప్పి కారుతున్నదేమో చూసి, లాగ్ పుస్తకంలో రాసి సంతకం చేస్తారు.

నిలిపి ఉంచినా చెడుతుంది

గంటలు నిండకపోయినా నాలుగు నెలలకొకసారి మార్చాలని లైకమింగ్ ఇంజన్ల కంపెనీ నియమం పెట్టింది. వాడిన ఆయిలులో నీటి తేమ, ఆమ్లం చేరి ఉంటాయి. ఇంజను ఊరక నిలిస్తే అవి క్యామ్ షాఫ్టును తుప్పు పట్టిస్తాయి. నేలమీద పది నిమిషాలు తిప్పి ఆపడం ఇంకా చేటు: తేమ పుడుతుంది గాని ఆరిపోదు. ఆయిలు వేడి 74 నుంచి 93 డిగ్రీల సెంటీగ్రేడు మధ్యకు చేరేలా ఎగిరితేనే ఆ తేమ ఆవిరవుతుంది.

ఈ ఒక్క సంగతి రైతులకూ వర్తిస్తుంది. సీజను ముగిశాక డీజిల్ ఇంజనును నల్లబడిన ఆయిలుతోనే కొట్టంలో పెట్టడం మంచిది కాదు. వేడిమీద పాత ఆయిలు దించి, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం కొత్త ఆయిలు పోసి, కాసేపు తిప్పి నిలపాలి. మార్చిన తేదీ, గంటలు గోడమీద రాసుకున్నా చాలు. నాలుగు లీటర్ల ఆయిలు ఖర్చు క్రాంకు షాఫ్టు ఖర్చుకు ఏనాటికీ సాటిరాదు.