మురుగుబోదె లేని చేను

మా కోనసీమలో చేనుకి రెండు బోదెలు కావాలి. నీళ్లు తెచ్చే పంటబోదె ఒకటి, ఎక్కువైన నీళ్లు తీసుకుపోయే మురుగుబోదె ఒకటి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి నీటి కరువు తీరింది గాని, మురుగు కదలని చోట అక్టోబరు వానలకి వరి కుళ్లిపోవడం మేం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఇనుము విషయంలో మనిషి ఒళ్లు మురుగుబోదె లేని చేను. పెద్దవాళ్ల శరీరంలో మొత్తం ఇనుము 3, 4 గ్రాములు, అంటే ఓ మేకంత. తిండిలోంచి రోజుకి 1, 2 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది, రాలిపోయే కణాలతో దాదాపు అంతే బయటికి వస్తుంది. అంతకుమించి లోపల చేరితే గెంటేసే ఏర్పాటు దేహానికి లేదు.

మా మావయ్య కూతురికి తొమ్మిదేళ్లు. తలసీమియా మేజర్ అనే జబ్బుతో పుట్టింది. దాని ఒంట్లో హెమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. మూడు వారాలకోసారి కాకినాడ తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తారు. ఒక్కో సంచీ రక్తంతో కనీసం 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళుతుంది. ఏడాదికి 17 సార్లు అనుకుంటే 3,400. పెద్దమనిషి ఒంట్లో ఉండవలసిన ఇనుమంతా పాతిక కిలోల పిల్లకి ఏటేటా అదనం! అది కాలేయంలో, గుండెలో, ఇన్సులిన్ చేసే క్లోమంలో పేరుకుంటుంది. ఎదుగుదల ఆగుతుంది, మధుమేహం వస్తుంది, చివరికి గుండె చెడుతుంది. రక్తం ఎక్కించకపోతే పిల్ల బతకదు, ఎక్కిస్తే ఇదీ వరస.

దీనికి మందు మట్టిలోంచే వచ్చింది. తొలకరి చినుకు పడగానే చేలల్లోంచి లేచే వాసన మనందరికీ తెలుసు. అది చాలావరకు స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవుల పుణ్యం. మట్టిలో ఇనుముకి లోటు లేదు గాని తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్లలో కరగదు. అందుకని ఈ జీవులు ఇనుముని పట్టి తెచ్చే అణువులను బయటికి వదులుతాయి. 1960 ప్రాంతంలో స్విట్జర్లాండులో సీబా కంపెనీవారూ జూరిచ్ శాస్త్రజ్ఞులూ స్ట్రెప్టోమైసిస్ పైలోసస్ అనే జీవి నుంచి అలాంటి ఒక పదార్థాన్ని రాబట్టారు. అందులోని ఇనుమును తీసేస్తే మిగిలేది డెస్‌ఫెర్రియాక్సమిన్. ఖాళీ అయిన ఆ అణువు మళ్లీ ఇనుము కోసం వెతుక్కుంటుంది. మందుగా దాని పేరు డెస్‌ఫెరాల్.

ఎరువుల కొట్లో 'చీలేటెడ్ జింకు' కొనని రైతు మా వైపు తక్కువ. ఆ చీలేట్ అన్న మాట గ్రీకు భాషలో పీత డెక్క నుంచి వచ్చిందట. చేలగట్టు మీద పీత చేత కరిపించుకున్నవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. డెస్‌ఫెరాల్ అణువు తన ఆరు ఆక్సిజన్ పరమాణువులతో ఒక్క ఇనుప పరమాణువుని చుట్టేసి పట్టుకుంటుంది. పట్టింది వదలదు. మూత్రంతో కొంత, పైత్యరసం ద్వారా మలంతో కొంత బయటికి పోతుంది. అందుకే మూత్రం ఎర్రబడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఈ మందు నోటితో మింగితే పేగులు పెద్దగా పీల్చుకోవు. రక్తంలోకి ఎక్కించినా అరగంటలోపే సగం వెళ్లిపోతుంది. అందుకని ఒక్క పోటుతో ఇచ్చే ఇంజక్షను కాదిది. పొట్ట దగ్గర చర్మం కింద సన్నసూది గుచ్చి, అరచేతిలో పట్టే చిన్న పంపుతో రాత్రంతా 8 నుంచి 12 గంటలు కొద్దికొద్దిగా పంపాలి. వారానికి ఐదు నుంచి ఏడు రాత్రులు. 1970ల చివర్లో ఈ పద్ధతి వచ్చాకే ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యే అవకాశం వచ్చింది.

"బావా, ఇవాళొక్కరోజు మానేద్దామా?" అని అడిగింది సంక్రాంతికి వెళ్లినప్పుడు. సూది దిగిన చోటల్లా గట్టిపడి కందిపోయి ఉంది. ఏం చెప్పను? పలకమీద లెక్క వేసి చూపించాను. మూడు వారాలకి 200 అంటే రోజుకి దాదాపు పది మిల్లీగ్రాములు వచ్చి పడుతోంది. దానికిచ్చే ఒక గ్రాము మందు కాగితం మీద 85 మిల్లీగ్రాముల ఇనుమును పట్టగలదు గాని, చాలాభాగం ఖాళీ చేతులతోనే బయటికి పోతుంది. పైగా పంపు ఆపిన కొన్ని గంటలకే విడి ఇనుము మళ్లీ తేలుతుంది. లెక్క దానికి ఎంత ఎక్కిందో తెలీదు. మొహం అవతలికి తిప్పుకుని పొట్ట మాత్రం చూపించింది.

మాత్రలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. డెఫెరిప్రోన్ 1990లలోనే మన దేశంలో వాడుకలోకి వచ్చింది, డెఫెరాసిరాక్స్‌కు 2005లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పుడు చాలామంది పిల్లలు వీటితోనే నెట్టుకొస్తున్నారు. మా పిల్లకీ మాత్రతోనే మొదలుపెట్టారు. ఫెరిటిన్ తగ్గకపోవడంతో ఇంజక్షను కలిపారు. ఇనుము మరీ పేరుకున్నప్పుడు, గుండెకి ముప్పు వచ్చినప్పుడు పాతమందే మళ్లీ అక్కరకొస్తుంది. ఏటా చెవులూ కళ్లూ పరీక్ష చేయించాలి. జ్వరం వస్తే పంపు ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఎందుకంటే కొన్ని రోగక్రిములు ఈ మందు పట్టిన ఇనుమునే తిని బలుస్తాయి!

మావయ్యా అత్తా ఇద్దరూ వాహకులు. మేనరికం. ఇద్దరు వాహకులకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు వచ్చే అవకాశం ఉంది. వాహకులకి పైకి ఏ బాధా ఉండదు, కాస్త రక్తం తక్కువ అంతే. మా అమ్మ అలాగే ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగింది. ఆవిడకి ఇనుము లోటే లేదని మొన్న ఫెరిటిన్ చూస్తే తెలిసింది. పెళ్లికి ముందు జాతకాలు చూసేవాళ్లు హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష ఒక్కటి చేయిస్తే చాలు. సాధారణంగా అది 3.5 శాతం దాటితే వాహకులన్నట్టే. నేను చేయించుకున్నాను. దాటింది.

అక్కకి అమ్మ తరఫు సంబంధం ఒకటి చూస్తున్నారు. నేను పట్టుబట్టి ఇద్దరి రక్తమూ ఇప్పించాను. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రిపోర్టులు వచ్చే సోమవారం వస్తాయి.