పాత రైలుపెట్టెలు - కొత్త సేవకులు

కొత్తగూడ కూడలిలో నిలిచి చూచువానికి గాజుమేడలు తప్ప మరియొకటి కానరాదు. ఆ మేడలకు అనతిదూరమున హఫీజుపేట మీదుగా పోవు ఇనుపదారి మాత్రము వాటియన్నిటికంటె వయోవృద్ధము. వాడీనుండి సికింద్రాబాదునకు 1874లో తెరువబడిన మార్గమే యది. 2003లో ఆరంభమైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లెక్కి ఉద్యోగములకు పోవు యువకులు ప్రతిదినము దానిమీదనే ప్రయాణించుచున్నారు. దారి మిగిలినది, దానిపై నడచిన తొలినాటి పెట్టెలెచ్చట?

ఈ ప్రశ్న వట్టి పురావస్తువ్యామోహము కాదు. ఈ రైల్వేకు వెల చెల్లించినవారు ఈ నేలప్రజలు. లండనులో వాటాలమ్మిన కంపెనీకి నూటికి 5 చొప్పున వడ్డీ ముట్టునట్లు నిజాము ఖజానా హామీపడినది. 'గ్యారంటీడు' అను మాట ఆ రైల్వే పేరులోనే నిలిచినది. 1883లో చాందా రైల్వే పథకమును బహిరంగముగా నిలదీసిన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారికి, అనగా సరోజినీదేవి తండ్రిగారికి, దేశబహిష్కారము బహుమానమైనది. హైదరాబాదున ప్రజాభిప్రాయము నోరు విప్పిన తొలిఘట్టములలో అదియొకటి. ఆ రైల్వేకు 1893లో లాలాగూడయందు కర్మశాల నెలకొనినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి దానిని కొనగా, 1950లో అది భారత రైల్వేలలో లీనమైనది.

పాతబండ్లను రక్షించుట సర్కారుపనియని మనము చేతులు ముడుచుకొని కూర్చుందుము. వేల్సుదేశమున టాలిలిన్ అను చిన్న రైల్వే మూతపడబోగా, 1951లో స్వచ్ఛందసేవకులే దానిని నడపుటకు పూనుకొనిరి. ప్రపంచమున అట్టి ప్రయత్నములలో అదియే మొదటిది. 1860ల నాటి దాని పెట్టెలు నేటికిని పరుగిడుచున్నవి. ఆ వెనుక బ్రిటనులో ఇట్టి సంఘములు పెక్కు వెలసినవి. కోళ్లగూళ్లుగాను, తోటలలో గుడిసెలుగాను మారిన పెట్టెలను సైతము తెచ్చి వారు బాగుచేయుచున్నారు. వారి దొరతనమును మనము మెచ్చలేదు. ఈ గుణమును మెచ్చుటకు అభ్యంతరమేమి?

పని మాత్రము మిక్కిలి ఓర్పుతో కూడినది. ముందుగా రంగును పొరపొరగా గీకవలెను. అడుగున పాత అంకెలు, పాత కంపెనీ అక్షరములు బయటపడుచుండును. కొయ్యచట్రమున కుళ్లు సాధారణముగా వాననీరు దిగి నిలుచు క్రిందిదూలములలో ఆరంభమగును. కుళ్లినంతమేర కోసి, అదే జాతి కొయ్యను అతికి బిగింపవలెను. దూలమంతయు మార్చివేసినచో పని సుళువగును గాని, పోనుపోను మిగులునది కొత్త పెట్టెయే. పైకప్పునకు కాన్వాసుగుడ్డ లాగి కట్టి రంగు పట్టింపవలెను. ఇరుసులు, కమానులు, బ్రేకులు మాత్రము ఔత్సాహికులకు విడువరాదు. అవి నిపుణుల పరీక్షకు నిలువవలెను.

మనదేశమున ఈ విద్య లేకపోలేదు. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజనును పెరంబూరు పనివారు సిద్ధపరుపగా, 1997లో అది మరల ప్రయాణికుల బండిని లాగినది. 1977లో ఢిల్లీయందు తెరచిన జాతీయ రైలు మ్యూజియమున మైసూరు మహారాజు సెలూనున్నది, వేల్సు యువరాజునకై చేసిన సెలూనున్నది. సంతోషమే. కాని కొయ్యబల్లలపై క్రిక్కిరిసి కూర్చున్న మూడవతరగతి ప్రయాణికుని పెట్టె మాటయేమి? మహాత్ముడు 1917లో ఆ తరగతి దుస్థితిని గూర్చియే ప్రత్యేకముగా ఒక చిన్నపుస్తకము ప్రకటించెను. 1921 నవంబరులో తిరూరునుండి మూతగూడ్సుపెట్టెలో కుక్కి పంపిన మాప్పిలా ఖైదీలలో 60 మందికి పైగా ఊపిరాడక మరణించిరి. అట్టి పెట్టె యొకటి మన పిల్లల కన్నులయెదుట నిలిచినచో, సామ్రాజ్యమనగా నేమో వేరుగా బోధింప నక్కరయుండదు.

కాలము మించుచున్నది. 1955లో స్వతంత్ర భారతము పెరంబూరున స్థాపించిన కర్మాగారపు పాతనమూనా పెట్టెలు, మనమందరము ఎక్కి తిరిగినవే, 2018లో నిర్మాణము నిలిచి క్రమముగా తుక్కుక్రింద పోవుచున్నవి. కొత్తగూడ యంత్రవేత్తలలో పలువురకు వారమునకు రెండుదినముల విరామమున్నది. లాలాగూడలో పనిచేసి విరమించిన వడ్రంగులకు, కమ్మరులకు చేతిలో విద్యయున్నది. రైల్వేవారు ఒక్క సామాన్యతరగతి పెట్టెను, ఒక్క మూతగూడ్సును తుక్కువేలమునుండి తప్పించి, వాటితో ఒక షెడ్డును శనియాదివారములకు విడిచిన చాలును. తొలియేడు రంగు గీకుట తప్ప మరేమియు జరుగకపోవచ్చును.