డెన్మార్క్ జలసంధికి అటూ ఇటూ

భూగోళం మీద 64వ ఉత్తర అక్షాంశం వెంట వేలు జరుపుకుంటూ వెళితే రెండు రాజధానులు తగులుతాయి. ఒకటి ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్, రెండోది గ్రీన్‌లాండ్‌లోని నూక్. ఉత్తర దక్షిణాలుగా చూస్తే ఈ రెండు ఊళ్ల మధ్య తేడా కొద్ది కిలోమీటర్లే. ఏడాది పొడవునా రెంటి మీదా సూర్యుడు దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తాడు. చలికాలపు పగళ్లు రెండు చోట్లా ఒకే తీరుగా కుంచించుకుపోతాయి. అయినా జనవరిలో రేక్యవిక్ సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర నిలబడితే, నూక్‌లో సున్నాకు దిగువన 8 డిగ్రీలకు చేరుతుంది. ఎండ ఒక్కటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు ఈ రెండు దీవుల మధ్య ఉన్న నీటిలో దొరుకుతుంది. డెన్మార్క్ జలసంధి ఇరుకైన చోట సుమారు 300 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి పడమట ఉన్న గ్రీన్‌లాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద దీవి. దాని విస్తీర్ణం 21.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. అంత నేలలో ఉండేది 57 వేల మంది లోపే. తూర్పున ఉన్న ఐస్‌లాండ్ 1.03 లక్షల చదరపు కిలోమీటర్లతో తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం 3.8 లక్షలు దాటింది.

వెచ్చని నీరు, చల్లని నీరు

అట్లాంటిక్ మీదుగా ఈశాన్యానికి సాగే గల్ఫ్ స్ట్రీమ్ కొనసాగింపు నుంచి ఒక పాయ చీలి ఐస్‌లాండ్ వైపు తిరుగుతుంది. దాన్ని ఇర్మింగర్ ప్రవాహం అంటారు. ఐస్‌లాండ్ దక్షిణ, పశ్చిమ తీరాలను తాకుతూ వెళ్లే ఈ నీటి వెచ్చదనం వల్లే రేక్యవిక్ రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. జలసంధికి అవతలి ఒడ్డున మాత్రం ఆర్కిటిక్ మహాసముద్రం నుంచి తూర్పు గ్రీన్‌లాండ్ ప్రవాహం మంచు పలకలను మోసుకుంటూ దక్షిణానికి దిగుతుంది. ఆ పలకలు గ్రీన్‌లాండ్ తూర్పు తీరాన్ని ఏడాదిలో చాలా నెలలు మూసేస్తాయి.

గ్రీన్‌లాండ్ ప్రజల్లో అత్యధికులు ఐస్‌లాండ్‌కు ఎదురుగా కాక, దూరపు పశ్చిమ తీరంలో ఉండటానికి కారణం ఇదే. తూర్పున చెప్పుకోదగ్గ ఊళ్లు తసీలాక్, ఇత్తోక్కోర్తూర్మీత్ రెండే. తసీలాక్ ప్రాంతంలో బతుకుతున్న ఇన్యూట్ జనం దగ్గరకు డెన్మార్క్ నావికాధికారి గుస్తావ్ హోమ్ చేరుకున్నది 1884లో. ఐరోపా వాళ్లు ఐస్‌లాండ్‌లో కాపురం పెట్టి అప్పటికే వెయ్యేళ్లయింది.

అదే జలసంధి అడుగున కంటికి కనబడని మహా జలపాతం ఉంది. ఉత్తర సముద్రాల చల్లని, బరువైన నీరు సుమారు 600 మీటర్ల లోతున ఉన్న గట్టును దాటి, దక్షిణాన ఉన్న తేలికపాటి నీటి కిందకు జారిపోతుంది. సెకనుకు దాదాపు 30 లక్షల ఘనపు మీటర్ల నీరు ఇలా మూడు వేల మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ప్రపంచ మహాసముద్రాల లోతుల్లో తిరిగే నీటికి ఇది ముఖ్యమైన ఊటల్లో ఒకటి.

పాత రాయి, కొత్త నేల

ఐస్‌లాండ్ భూమి ఇంకా పుడుతూనే ఉంది. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు దాని నడుమ నుంచి ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతుంటే, ఆ సందులోంచి లావా పైకి వస్తోంది. అక్కడి అతి పాత రాళ్ల వయసు కూడా 1.6 కోట్ల ఏళ్లే. 1963లో దక్షిణ తీరానికి దగ్గరలో సముద్రం లోంచి సుర్త్‌సీ అనే కొత్త దీవి లేచింది. ఉత్త రాతినేల మీదకు మొక్కలూ పక్షులూ ఎలా చేరతాయో శాస్త్రజ్ఞులు అప్పటి నుంచి అక్కడ గమనిస్తున్నారు.

గ్రీన్‌లాండ్‌ది పూర్తిగా వేరే వయసు. నూక్‌కు ఈశాన్యాన ఉన్న ఇసువా రాళ్లు 370 కోట్ల ఏళ్ల నాటివి. భూమి మీద మిగిలిన అతి పురాతన శిలల్లో అవి కొన్ని. దీవిలో సుమారు 80 శాతాన్ని హిమఫలకం కప్పేసింది. కొన్నిచోట్ల దాని మందం మూడు కిలోమీటర్లు దాటుతుంది. బరువైన మనిషి కూర్చుంటే నులకమంచం నడుమ కుంగినట్టు, ఆ మంచు బరువుకు దీవి నడిమి రాతినేల సముద్ర మట్టం కంటే కిందికి దిగిపోయింది. ఐస్‌లాండ్‌లో హిమానీనదాలు కప్పిన నేల పదో వంతే.

దోమలు, నక్కలు, ఎలుగులు

సముద్రం చుట్టుముట్టిన కుర్ర దీవి కావడంతో ఐస్‌లాండ్‌కు నేల మీది జంతువులు చేరడం కష్టమైంది. మనుషులు రాకముందు అక్కడ ఉన్న ఏకైక నేల క్షీరదం ఆర్కిటిక్ నక్క. గ్రీన్‌లాండ్‌కు ఉత్తర కెనడా చాలా దగ్గర. గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిచి కస్తూరి ఎద్దులు, కారిబూ జింకలు, తోడేళ్లు, కుందేళ్లు వచ్చాయి. ధ్రువపు ఎలుగుబంట్లకు అది సొంత ఇల్లు. అప్పుడప్పుడు ఒక ఎలుగు మంచు పలక మీద కొట్టుకొచ్చి ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో తేలితే అక్కడ పెద్ద కలకలం రేగుతుంది.

దోమల సంగతి మరీ వింత. గ్రీన్‌లాండ్‌లో చలి ఎక్కువైనా వేసవి వచ్చిందంటే దోమలు మేఘాల్లా ముసురుతాయి. ఐస్‌లాండ్‌లో దోమ అన్నదే లేదని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. కీటక శాస్త్రజ్ఞులు చూపే కారణం ఇది: గ్రీన్‌లాండ్‌లో చలికాలం నీటిగుంటలు ఒక్కసారి గడ్డకడితే వసంతం దాకా అలాగే ఉంటాయి. ఐస్‌లాండ్‌లో అవి ఒకే చలికాలంలో పలుమార్లు కరిగి మళ్లీ గడ్డకడతాయి. ఆ మార్పులకు దోమ పిల్లదశలు తట్టుకోలేవు. అయితే 2025 అక్టోబరులో రేక్యవిక్‌కు ఉత్తరాన క్యోస్ ప్రాంతంలో మూడు దోమలు పట్టుబడ్డాయి. చలికి ఓర్చుకునే జాతి కావడంతో అవి అక్కడ నిలదొక్కుకుంటాయా అని ఇప్పుడు గమనిస్తున్నారు.

పాడి పట్టుకొచ్చినవారు, వేట నేర్చినవారు

తొమ్మిదో శతాబ్దం చివర్లో నార్వే నుంచి, బ్రిటిష్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఐస్‌లాండ్‌లో స్థిరపడ్డారు. గొర్రెలు, ఆవులు, గుర్రాలను ఓడల్లో వెంట తెచ్చుకున్నారు. 930లో ఆల్తింగ్ అనే సభను ఏర్పరుచుకున్నారు. మొదట్లో నాలుగో వంతుకు పైగా నేలను కప్పిన బర్చ్ అడవులు గొడ్డలికీ గొర్రెలకూ బలైపోయి, ఇప్పుడు రెండు శాతం దగ్గర మిగిలాయి. అడవి పోయిన చోట గాలికి మట్టి ఎగిరిపోయింది. ఐస్‌లాండ్ నేటికీ ఆ నేలను తిరిగి పచ్చగా చేసే పనిలోనే ఉంది.

ఐస్‌లాండ్ నుంచి బహిష్కరణకు గురైన ఎరిక్ ది రెడ్ పడమటికి వెళ్లి తిరిగొచ్చి, 985 ప్రాంతంలో 25 ఓడల జనంతో గ్రీన్‌లాండ్‌కు బయలుదేరాడు. వాటిలో 14 చేరాయని పాత రాతలు చెబుతాయి. నైరుతి తీరపు లోతట్టు లోయల్లో వాళ్లు అదే పాడి, అదే చర్చి, అదే తీరు ఇళ్లతో దాదాపు 450 ఏళ్లు బతికారు. వాళ్ల గురించిన చివరి లిఖిత దాఖలా 1408లో హ్వాల్సీ చర్చిలో జరిగిన ఒక పెళ్లి.

వాళ్లు మొండిగా గొడ్లను నమ్ముకుని ఆకలికి పోయారని చాలాకాలం అనుకున్నారు. ఎముకలు వేరే సంగతి చెప్పాయి. సముద్రపు తిండి ఎక్కువగా తిన్నవారి ఎముకల్లో కార్బన్-13 పాలు హెచ్చుగా ఉంటుంది. ఆ లెక్కన మొదటి తరాల తిండిలో సముద్రం వాటా ఐదో వంతే. చివరి తరాలకు అది ఐదింట నాలుగు వంతులకు పెరిగింది. వాళ్లు సీల్ మాంసానికి అలవాటు పడ్డారు. కానీ ఐరోపాకు అమ్మే వాల్రస్ దంతాలకు గిరాకీ తగ్గింది, చలి పెరిగింది, ఓడలు రావడం మానేశాయి. ఐస్‌లాండ్‌కు ఆ కష్టకాలంలో వెచ్చని నీటిలోని కాడ్ చేప ఆసరా అయింది. చల్లగాలికి ఎండబెట్టిన కాడ్‌ను ఐరోపా కొంటూనే ఉంది.

అదే కాలంలో అలాస్కా వైపు నుంచి కెనడా మీదుగా వచ్చిన థూలే ప్రజలు గ్రీన్‌లాండ్‌లో విస్తరించారు. నేటి ఇన్యూట్ల పూర్వీకులు వీళ్లే. కయాక్, కుక్కల బండి, దెబ్బ తిన్న జంతువును వదలని హార్పూన్ వాళ్ల చేతిలో ఉన్నాయి. ఎరిక్ వెంట వచ్చిన నార్స్ రైతుల సంతతికి దారి మూసేసే సముద్రపు మంచు వాళ్లకు వేట మైదానం. కూరగాయలు పండని చోట తిమింగలం చర్మాన్ని కొవ్వుతో సహా తినే మత్తాక్ వాళ్లకు సి విటమిన్ అందించి, స్కర్వీ జబ్బును దూరంగా ఉంచింది.

కలప కరువు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుకే రాతి, మట్టిగడ్డల ఇళ్లు రెండు దీవుల్లోనూ కనిపిస్తాయి. గ్రీన్‌లాండ్‌లో చలికాలపు ఇల్లంటే సాధారణంగా ఇదే. మంచు గడ్డల ఇగ్లూ ఉత్తరాన వేట ప్రయాణాల్లో తాత్కాలికంగా కట్టుకునేది. సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చి, ఆర్కిటిక్ దాటి ఒడ్డుకు చేరే దుంగలు ఇద్దరికీ నిధి.

మంచులో దాగిన తేదీ

ఐస్‌లాండ్ చరిత్రకు తేదీ వేసిన పుస్తకం గ్రీన్‌లాండ్ మంచు. 1989 నుంచి 1992 వరకు ఐరోపా శాస్త్రజ్ఞులు హిమఫలకం నడినెత్తిన మూడు వేల మీటర్ల లోతుకు తొలిచి మంచు కడ్డీలు తీశారు. ఏటా పడిన మంచు అందులో పొరపొరగా ఉంటుంది. ఐస్‌లాండ్‌లోని తొలి ఇళ్ల శిథిలాలకు సరిగ్గా అడుగునో పక్కనో ఒక అగ్నిపర్వతపు బూడిద పొర కనిపిస్తుంది. అదే బూడిద రేణువులు గ్రీన్‌లాండ్ మంచులోనూ దొరికాయి. పొరలు లెక్కపెడితే 871 అని, రెండేళ్లు అటూ ఇటూ అని తేలింది. తర్వాత లెక్క సవరించి 877 అన్నారు.

1783లో ఐస్‌లాండ్‌లోని లాకి పగులు ఎనిమిది నెలల పాటు లావా, విషవాయువులు కక్కింది. ఫ్లోరిన్ కలిసిన గడ్డి మేసి గొర్రెల్లో నాలుగింట మూడు వంతులకు పైగా చచ్చాయి. వెంట వచ్చిన కరువులో జనంలో సుమారు ఐదో వంతు పోయారు. ఆ గంధకపు జాడ కూడా గ్రీన్‌లాండ్ మంచులో భద్రంగా ఉంది.

ఇవాళ రెండు దీవులు

రెంటినీ డెన్మార్క్ ఏలింది. ఐస్‌లాండ్ 1944 జూన్ 17న గణతంత్రమైంది. గ్రీన్‌లాండ్‌కు 1979లో స్వపరిపాలన వచ్చింది, 2009లో అది మరింత విస్తరించి ఇన్యూట్ భాష కలాల్లిసుత్ అధికార భాష అయింది. చేప మీద హక్కు కోసం ఐస్‌లాండ్ బ్రిటన్‌తో 1976 వరకు కాడ్ యుద్ధాలు చేసింది. గ్రీన్‌లాండ్ ఆ చేపల హక్కు కోసమే 1985లో ఐరోపా ఆర్థిక సమాజాన్ని వదిలింది.

ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లకు భూగర్భ వేడినీరే వెచ్చదనం. 1974లో పూర్తయిన రింగ్ రోడ్డు దేశం చుట్టూ తిరుగుతుంది. గ్రీన్‌లాండ్‌లో ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డే లేదు. పడవ, విమానం, ఉత్తరాన కుక్కల బండి. తమ జంతువుల జాతిని కాపాడుకోవడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పట్టుదల. ఐస్‌లాండ్‌లోకి బయటి గుర్రాన్ని రానివ్వరు, దేశం దాటిన సొంత గుర్రాన్నీ తిరిగి రానివ్వరు. గ్రీన్‌లాండ్‌లో బండికుక్కల ప్రాంతంలోకి వేరే జాతి కుక్కకు ప్రవేశం లేదు.

మంచు కరుగుతుంటే బరువు తగ్గిన నేల రెండు దీవుల్లోనూ పైకి లేస్తోంది. ఐస్‌లాండ్ ఆగ్నేయంలోని హోఫ్న్ రేవు దగ్గర నేల ఏడాదికి సెంటీమీటరుకు పైగా పెరుగుతుండటంతో, ఓడలు వెళ్లే దారి లోతు తగ్గుతుందేమోనన్న చింత పట్టుకుంది. గ్రీన్‌లాండ్ 2002 నుంచి ఏటా సగటున 26 వేల కోట్ల టన్నులకు పైగా మంచు కోల్పోతున్నట్టు ఉపగ్రహాలు చూపాయి. అంత పెద్ద మంచు తన గురుత్వాకర్షణతో సముద్రపు నీటిని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, గ్రీన్‌లాండ్ చుట్టూ సముద్ర మట్టం దిగుతుంది. సడలిన నీరు దూరపు ఉష్ణమండల సముద్రాలకు చేరి అక్కడ ప్రపంచ సగటు కంటే ఎక్కువ పెరుగుదల తెస్తుంది. బంగాళాఖాతం ఆ దూరపు నీళ్లలోదే.