ఎముక కట్టే కణం, ఎముక తినే కణం

మైలవరంలో మా జేజి గడప దాటుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు "ఎముక గుల్లబారింది" అన్నారు. జేజి ఊరుకోలేదు. "గుల్లయిందంటే లోపలుండేది యాడికి పాయరా? ఎవరు తినిరి?" అని నన్నడిగింది. జువాలజీ చదువుతున్న నేను "కాల్షియం తగ్గింది జేజీ" అని తప్పించుకున్నాను. సరైన ప్రశ్న ఆమెదేనని తర్వాత తెలిసింది. తినేవారు నిజంగానే ఉన్నారు.

మన పక్క మట్టి మిద్దెకు పాత చౌడు తీసి కొత్త చౌడు పోస్తారు గదా, ఎముకలోనూ జీవితాంతం అదే పని. తీసేది ఆస్టియోక్లాస్టు. ఇది రక్తకణాల వంశంలో పుట్టిన, అనేక కేంద్రకాలు గల పెద్ద కణం. ఎముకకు అతుక్కుని, ఆమ్లం వదలి ఖనిజాన్ని కరిగిస్తుంది. కొత్తగా పోసేది ఆస్టియోబ్లాస్టు. 1984లో శాస్త్రజ్ఞులు ఆస్టియోక్లాస్టులను వేరుచేసి, గాజుపాత్రలో ఎముక ముక్కలపై వదిలితే అవి తవ్విన గుంటలు మైక్రోస్కోపులో స్పష్టంగా కనబడ్డాయి.

అయితే వీటిని పనికి పిలిచేదెవరు? కూల్చేవారిని పిలిచేది కట్టే కణమేనని రోడాన్, మార్టిన్ 1981లోనే ఊహించారు. వినడానికి విడ్డూరమే! 1988లో జపానులో సుడా బృందం ఎలుక ప్లీహపు కణాలను, ఎముక కట్టే కణాలను ఒకే పాత్రలో పెంచి, విటమిన్ డి హార్మోను కలిపింది. ఆస్టియోక్లాస్టులు పుట్టాయి. రెంటి మధ్య సన్నని పొర అడ్డుపెడితే పుట్టలేదు. అంటే ద్రవంలో కబురు పంపితే చాలదు, ఒకదాన్నొకటి తాకాలి. నాకు ఈ ప్రయోగమంటే మహా ఇష్టం. ఒక్క పొర అడ్డుపెట్టి ఎంత పెద్ద సంగతి రాబట్టారు!

కట్టే కణం పైనుండే ఆ పిలుపు పేరు రాంక్‌ఎల్ అని 1998లో తేలింది. ఆ పిలుపును మధ్యలోనే పట్టేసే ఆస్టియోప్రొటెజెరిన్ అంతకు ముందు ఏడాదే దొరికింది. బహిష్టులు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, పిలుపు పెరుగుతుంది, పట్టేసేది తగ్గుతుంది. జేజికి జరిగింది ఇదే. గాజుపాత్రలో నడకా బరువూ ఉండవు గనుక అది చెప్పిందే సర్వస్వం కాదు. ఎముకలో పూడుకుపోయిన ఆస్టియోసైట్లు కూడా ఈ పిలుపునిస్తాయని 2011లో బయటపడింది.

కట్టడం ఎక్కువైనా మేలు కాదు. నాటి నెల్లూరు జిల్లాలో 1937లో గుర్తించిన ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టమవుతుంది, వెన్ను మాత్రం బిగుసుకుపోతుంది. కట్టే కణాలను ఫ్లోరైడు నేరుగా రెచ్చగొడుతుందని 1983లో కణాల పెంపకంలోనే చూశారు.

ఇదంతా జేజికి చెప్పాను: "కూల్చే కూలీలను పిలిచేది మేస్త్రీయే జేజీ."

"అయితే మేస్త్రీ నోరు మూయించరాదా?"

ఆ మందు 2010 నుంచి ఉంది. పేరు డెనోసుమాబ్, ఆరు నెలలకొక సూది. హఠాత్తుగా మానితే మాత్రం కూలీలు గుంపుగా తిరిగొస్తారు. అందుకని మానేముందు మరో మందు తగిలించాలి. జేజికి తేదీ గుర్తుండదని క్యాలెండరులో నేనే సున్నా చుట్టిపెట్టాను.