ఒక్క మాట కొఱకు పదునొకండు దినములు

2001వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దక్షిణ చీనా సముద్రముపై, హైనాన్ ద్వీపమునకు సుమారు 110 కిలోమీటర్ల దూరమున, రెండు విమానములు ఆకాశమున ఢీకొనెను. అందొకటి అమెరికా నౌకాదళమునకు చెందిన గూఢచారి విమానము. రెండవది దానిని వెంబడించిన చీనా యుద్ధవిమానము. చీనా విమానము సముద్రమున కూలిపోయెను. దానిని నడపిన వాంగ్ వెయ్ మరల కానరాలేదు. (వాంగ్ అనునది ఇంటిపేరు. తెలుగువారివలెనే చీనావారును ఇంటిపేరును ముందు చెప్పుకొందురు.) దెబ్బతిన్న అమెరికా విమానము ఎట్లో హైనాన్ ద్వీపమందలి లింగ్‌షుయి సైనిక విమానాశ్రయమున దిగెను. దిగుటకు అనుమతి లభింపలేదు. అందున్న 24 మందిని చీనా ప్రభుత్వము నిర్బంధించెను.

అమెరికా క్షమాపణ చెప్పవలెనని చీనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ కోరెను. తమ విమానము ఏ దేశమునకును చెందని ఆకాశమున ఎగిరినదనియు, తప్పు చేయనివారు క్షమాపణ చెప్పనేలయనియు అమెరికా ప్రభుత్వము వాదించెను. ఇట్లు 24 మంది తమ యిండ్లకు చేరుట ఒక్క మాటపై ఆధారపడెను.

మాటకేమి, చెప్పిన పోలేదా యని మనకు తోచవచ్చును. కాని క్షమాపణ యనగా నేమి యను విషయమున ఆ రెండు దేశముల తలపులు ఒక్కటి కావు. అమెరికాలో తప్పొప్పులను న్యాయస్థానము తేల్చును. అచ్చట రెండు కారులు ఢీకొన్నప్పుడు “క్షమింపుడు” అన్నవాడు నేరమును ఒప్పుకొన్నట్లు ఎంచబడునను భయము కలదు. ఈ భయము ఎంత గట్టిదనగా, ప్రమాదమున గాయపడినవారిపై సానుభూతి చూపుచు పలికిన మాటలను సాక్ష్యముగా గైకొనరాదని మసాచుసెట్స్ రాష్ట్రము 1986లో ఒక శాసనమునే చేయవలసి వచ్చెను. అట్టి దేశమున క్షమాపణ, చేసిన పనికి బాధ్యత వహించుట. తప్పు ఎవరిదో తేలకముందు దానిని పలుకుట వారికి అసత్యముగా తోచును.

చీనాలో క్షమాపణ మొదట సంబంధమునకు చెందినది. ఒకని వలన మరియొకనికి నష్టము కలిగినప్పుడు, తప్పు లెక్కింపక పూర్వమే, చెడిన సంబంధమును చక్కదిద్దుట మర్యాద. దీనికి తోడు ‘మొగము’ అను భావము కలదు. హు షియెన్‌జిన్ అను చీనా విదుషి 1944లో వ్రాసిన వ్యాసమున, ఈ భావమునకు చీనాభాషలో ‘ల్యెన్’, ‘మ్యెన్‌జి’ అను రెండు పదములున్నవని వివరించెను. మొదటిది శీలము వలన వచ్చు గౌరవము. రెండవది పదవి, ప్రతిష్ఠల వలన వచ్చునది. మొగము చెల్లకపోవుట యెట్టిదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తమ యోధుడొకడు మరణించియుండగా, ప్రజలందఱును చూచుచుండగా, క్షమాపణ లేక ఆ 24 మందిని పంపివేసిన, చీనా ప్రభుత్వమునకు మొగము దక్కదు.

ఇక పదముల సంగతి. చీనాభాషలో ‘యీహాన్’ అనగా విచారము మాత్రమే. తప్పెవరిదైనను దీనిని పలుకవచ్చును. ‘బావ్‌ఛ్యెన్’ అనగా నొచ్చుకొనుట. ‘దావ్‌ఛ్యెన్’ అనగా తప్పు నొప్పుకొని క్షమాపణ చెప్పుట. చీనా కోరినది ఇదియే. కడపటి రెండు మాటలలోను ఉన్న ‘ఛ్యెన్’ అను అక్షరమునకు లోటు అని కూడ అర్థము; పంట తగ్గిన యేటిని చెప్పునప్పుడును ఆ యక్షరమునే వాడుదురు. ఆంగ్లమునందలి ‘సారీ’ యన్ననో మిక్కిలి సాగెడి మాట. కాలు త్రొక్కినవాడును, చావింట పరామర్శించువాడును ఆ యొక్క మాటనే పలుకుదురు.

ఈ సాగుడు గుణమే దారి చూపెను. అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ మొదట విచారము మాత్రమే తెలిపెను, అది చాలలేదు. ఏప్రిల్ 11న అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్ చీనా విదేశాంగమంత్రి టాంగ్ జియాషువాన్‌కు ఒక లేఖ నిచ్చెను. అందు ‘మిక్కిలి సారీ’ యని రెండుమార్లు కలదు: వాంగ్ వెయ్ కుటుంబమునకు కలిగిన నష్టమునకు ఒకమారు, అనుమతి లేక చీనా ఆకాశమున ప్రవేశించి దిగినందుకు రెండవమారు. ఢీకొనుటను గూర్చి ఆ మాట లేదు. లేఖను ఆంగ్లమున వ్రాసిరి. చీనా పత్రికలు ఆ మాటను ‘షెన్‌బ్యావ్ ఛ్యెన్‌యీ’ యని, అనగా గాఢముగ నొచ్చుకొనినట్లు, అనువదించి ప్రకటించెను. చీనా ప్రజలకు ‘ఛ్యెన్’ వినబడెను. అమెరికా అధికారులు ఇది క్షమాపణ కాదని తమ ప్రజలకు చెప్పుకొనిరి. ఎవరును అబద్ధమాడలేదు. మఱునాడు ఆ 24 మందియు హైనాన్ విడిచిరి.

ఎడ్వర్డ్ హాల్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు 1976లో ప్రకటించిన గ్రంథమున, కొన్ని సమాజములలో భావమంతయు పలికిన మాటలోనే యుండుననియు, కొన్నింట అది సందర్భమున, సంబంధమున దాగియుండుననియు చెప్పి, అమెరికాను మొదటి పక్షమునకు చేరువగను, చీనాను రెండవ పక్షమునను ఉంచెను. ఇది ఉపయోగకరమైన భేదమే కాని, ప్రతి మనుష్యునికిని కొలబద్ద కాదు. మాటను దాచుకొను అమెరికావారును, ముక్కుసూటిగ పలుకు చీనావారును ఎందఱో కలరు. హైనాన్ లేఖలో మాటను సందిగ్ధముగ వాడుకొన్నవారు సూటిదనమునకు పేరుపడిన అమెరికావారే కదా!

విమానము మాత్రము వెంటనే పోలేదు. దానిని విడదీసి, రష్యాకు చెందిన పెద్ద సరకు విమానమున జూలై నెలలో తరలించిరి. ఆకాశమున ఎవరు ఎవరిని తాకిరను విషయమై ఏప్రిల్ 18న పెకింగులో ఉభయపక్షములును సమావేశమయ్యెను. ఎవరి మాటపై వారు నిలిచిరి.