పూసల చట్రము – మనోగణితము

లెక్క యనునది మనకు క్రొత్త విద్య కాదు. పాలపద్దు, కూరల వెల, సరకుల చీటి – ఇవి యన్నియు దినదినము మన నోటిమీదనే తెమలుచున్నవి. అట్లయ్యును మన బిడ్డలలో పెక్కండ్రు కూడిక యనగానే వ్రేళ్లు ముడుచుకొని, తప్పు చెప్పిన దెబ్బ పడునేమో యని బెదరుచుందురు. ఆ బెదురు తీరినగాని లెక్క పట్టుపడదు. దానిని తీర్పజాలిన సాధనములలో పూసల చట్రమొకటి. దీనినే అబాకస్ అందురు.

మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెనుగు పద్యములలో రచించెను. మన పెద్దలు ఎక్కములను రాగయుక్తముగా వల్లె వేయించిరి. ఇది చెవిచదువు. పూసల చట్రము కంటిచదువు. రెండును బిడ్డకు కావలసినవే.

చీనాదేశపు చట్రమున ఒక్కొక్క కంబికి సాధారణముగా పైన రెండు, క్రింద ఐదు పూసలుండును. జపానువారు వానిని తగ్గించి, పైన ఒకటి, క్రింద నాలుగు నిలిపిరి. దీనికి సొరొబాన్ అని పేరు. పై పూస విలువ ఐదు, క్రిందివి ఒక్కొక్కటి. నడుమనున్న అడ్డుపట్టెను తాకిన పూసలే లెక్కకు వచ్చును. కుడినుండి యెడమకు ఒకట్లు, పదులు, నూర్లు. 1946వ సంవత్సరము నవంబరు నెలలో టోక్యోలో విద్యుద్యంత్రముతో లెక్కించిన అమెరికా సైనికునిపై సొరొబాన్ పట్టిన కియోషి మత్సుజాకి 4–1 తేడాతో గెలిచెను. యంత్రము నెగ్గినది గుణకారమున మాత్రమే.

చట్రము లేదని చింతింప బనిలేదు. నేలపై సుద్దతో గడులు గీసి, పైగడిలో ఒక గవ్వను, క్రిందిగడిలో నాలుగు చింతగింజలను వాడుకొనవచ్చును. మూడు గింజలను గీత దరికి జరిపించుడు. దానికి నాలుగు కలుపుమనుడు. మిగిలినది ఒక్క గింజయే గదా! అప్పుడు ఐదు విలువగల గవ్వను దింపి, ఒక గింజను తీసివేయవలెను. ఏలయన నాలుగనగా ఐదులో ఒకటి తక్కువ. ఏడు వచ్చినది. ఇప్పు డేడునకు ఎనిమిది కలుపవలెనన్న, ఎనిమిది పదికి రెండు తక్కువ గనుక, రెండు గింజలు తీసి, పదుల గడిలో ఒకటి నిలుపవలెను. పదునైదు కన్నులయెదుటనే నిలుచును. ఐదునకు జతలు, పదికి జతలు – ఈ రెండు మర్మములు తెలిసిన బిడ్డ ఎంత పెద్ద కూడికకును జంకడు.

చేయి అలవాటుపడిన పిమ్మట చట్రమును ప్రక్కన బెట్టి, కన్నులు మూసి, దానిని మనసున దలచుకొని పూసలు జరుపుమనవలెను. బిడ్డ వ్రేళ్లు గాలిలో కదలుచున్న వారింపకుడు; ఆ కదలిక తలపునకు ఊతమగును. మొదట ఒంటి అంకెలు, ఆపై రెండేసి అంకెలు. దినమునకు పావుగంట చాలును. విసుగు పుట్టకమునుపే ముగింపుడు.

ఒక హెచ్చరిక. ఈ విద్యవలన జ్ఞాపకశక్తియు, సకలబుద్ధియు పెరుగునని చెప్పి పెద్ద రుసుములు గైకొను వారున్నారు. వడోదరలో సుమారు రెండువందల మంది పిల్లలను మూడేండ్లు పరిశీలించి 2016లో ప్రకటించిన శోధనయందు, ఈ శిక్షణ పొందినవారికి లెక్కలలో కొంత మేలు కనబడినది గాని, జ్ఞాపకశక్తి మొదలగునవి పెరిగినట్లు తేలలేదు. చూచినదానిని మనసున నిలుపుకొను నేర్పు మొదటినుండి గల బిడ్డలకే ఎక్కువ ఫలము కలిగెను. కావున పొరుగింటి బాలునితో మీ బిడ్డను పోల్చి నొప్పింపకుడు. పూసలు రుచింపని బిడ్డకు ఎక్కములే దారి చూపవచ్చును. చట్రముపై గుణింపవలెనన్నను ఎక్కములు రాక తప్పదు.

వేగమున్నంత మాత్రమున లెక్క వచ్చినట్లు కాదు. ఎందుకు కలుపవలెనో, ఎప్పుడు తీయవలెనో తెలియుటయే ముఖ్యము. అంగడికి పోవునపుడు కొడుకునే గాక కూతురినిగూడ వెంటగొని పోయి, చిల్లర యెంత రావలెనో యడుగుడు. తప్పు చెప్పిన కసరక, మరల పూసలు జరిపి చూడుమనుడు. తన తప్పు తానే పట్టుకొన్న బిడ్డకు లెక్కయన్న భయముండదు.