పోస్టర్‌లో రైతు విజయం, మన చేలో లెక్క

వానాకాలం దగ్గర పడిందంటే చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లలో విత్తన పోస్టర్లు కనిపిస్తాయి. ఎర్రటి మిర్చి కల్లం, ముందు నవ్వుతూ ఒక రైతు, పక్కన కొత్త ట్రాక్టర్. కింద 'నేను సాధించాను, మీరూ సాధించండి' లాంటి మాట. విత్తనం ఏ నేలకు, ఎంత నీటికి పనికొస్తుందో మాత్రం ఉండదు. నలుగురిలో మంచి రైతు అనిపించుకోవాలని ఎవరికి ఉండదు? ప్రకటన పట్టుకునేది ఆ కోరికనే.

ఆ రైతు నిజంగానే పండించి ఉండవచ్చు. కానీ ఆయనకు బోరు ఉందా? గోదావరి ఒడ్డు ఒండ్రు నేలా? మందులకు ఎంత పెట్టాడు, క్వింటా ఎంతకు అమ్మాడు? అదే విత్తనం వేసి నష్టపోయినవారి ఫొటో ఎవరూ అచ్చు వేయరు. అడవి అంచు చెలకలో వాన మీద ఆధారపడి, పైగా కౌలు కట్టి వేసేవారికి ఆ లెక్క సరిపోదు.

దిగుబడి వచ్చినంత మాత్రాన డబ్బు మిగలదు. 2017 ఏప్రిల్‌లో పంట బాగానే పండింది, ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతులు ఆందోళనకు దిగారు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు అనుభవం ఉన్న రైతుల మిర్చి కూడా పోయింది.

ఇలాంటి ప్రకటనతో అసలు నష్టం పంట పోయాక తెలుస్తుంది. 'ఆయన పండించాడు, నాకే చేతకాలేదు' అనుకుని రైతు ఊరుకుంటాడు, ఫిర్యాదు చేయడు. అమ్మినవాడికి అదే కలిసొస్తుంది.

విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు ఇచ్చింది. కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

అందుకే లాట్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్, కొద్దిగా విత్తనం దాచండి. పోస్టర్‌ను కూడా సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా పంట చేలో ఉండగానే మండల వ్యవసాయ అధికారికి, మిర్చి అయితే ఉద్యాన అధికారికి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చేను దున్నేశాక చూపించడానికి ఏమీ మిగలదు.